లూబీస్ కెఫెటీరియాలు ఎందుకు పోయాయి? టెక్సాస్ పాతకాపులు ఒకసారి ఇటు రండి

శారద_హ్యూస్టన్ · శనివారం రాత్రి 9:12

మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో ఉన్న లూబీస్ మూతపడి చాలాకాలమైంది. ఇవాళ అటుగా వెళ్తుంటే బోర్డు స్తంభం కూడా పీకేస్తున్నారు. కారు పక్కకి ఆపి కాసేపు చూస్తూ ఉండిపోయాను.

హోటల్ పోతే ఇంత బాధేంటి అనుకోకండి. మా మామగారు 2009లో తెనాలి నుంచి మొదటిసారి వచ్చారు. ఇంగ్లీషు రాదు. ఏ హోటల్‌కి తీసుకెళ్లినా మెనూ కార్డు చేతికివ్వగానే మావారి మొహం చూసేవారు. లూబీస్‌లో ఆ బాధే లేదు. ట్రే తీసుకుని లైన్లో నడుస్తుంటే అద్దం వెనకాల అన్నీ కనబడుతుంటాయి, వేలు చూపిస్తే పెడతారు. రెండోసారికే ఆయన మాకంటే ముందు నడిచారు. వేయించిన బెండకాయ, మొక్కజొన్న గింజలు, మెత్తటి బన్ను, చివర్లో ఎర్రటి జెల్లో. ట్రే టేబుల్ మీద పెట్టి, "ఇది మన మెస్సే కదమ్మా, కాకపోతే మారు వడ్డించరు" అన్నారు.

వచ్చే నెల మళ్లీ వస్తున్నారు. ఫోన్లో మొదట అడిగింది "ఆ మెస్సు ఉందా?" అని. ఒకప్పుడు టెక్సాస్‌లో ఏ ఊరెళ్లినా కనిపించేది కదా, అంత పెద్ద సంస్థ ఎలా పోయింది? కరోనా వల్లేనా?

ఆలమో_బాబాయ్ · శనివారం రాత్రి 10:40

శారదమ్మా, కరోనాది చివరి దెబ్బ మాత్రమే. అప్పటికే మంచం పట్టి ఇరవై ఏళ్లు.

నేను 1984లో శాన్ ఆంటోనియో వచ్చాను. లూబీస్ ఈ ఊరి సరుకే. 1947లో బాబ్ లూబీ, ఆయన కజిన్ చార్లెస్ జాన్‌స్టన్ కలిసి ఇక్కడి డౌన్‌టౌన్‌లో మొదటిది తెరిచారు. ఆ ఇంట్లో అది కొత్త పనేం కాదు. బాబ్ తండ్రి హ్యారీ లూబీ 1911లోనే మిజోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇలాంటి భోజనశాల పెట్టాడు. 1973లో షేర్లు పబ్లిక్‌కి వచ్చాయి, 1982కల్లా న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌కి ఎక్కారు. 1990ల్లో శాఖలు 200 దాటాయి. ఎక్కువ భాగం టెక్సాస్‌లోనే.

ఆదివారం చూడాలి ఆ హడావుడి. చర్చి వదిలాక పన్నెండింటికల్లా లైను తలుపు దాటి బయటికొచ్చేది. కోటు వేసుకున్న తాతలు, టోపీలు పెట్టుకున్న అమ్మమ్మలు, గౌన్లు నలక్కుండా పట్టుకున్న పిల్లలు. మేం నలుగురం తెలుగు బ్రహ్మచారులం చర్చి వాళ్లకంటే ముందుండాలని పదకొండున్నరకే వెళ్లేవాళ్లం. తీసుకునేది ఎప్పుడూ లూయాన్ ప్లాటర్. ప్రధాన వంటకం సగం సైజులో, రెండు కూరలు, ఒక బ్రెడ్డు. తక్కువ తినేవాళ్ల కోసం పెట్టిన ప్లేటది. మా జేబులకి అదే ఫుల్ మీల్స్.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అక్కడ మేనేజర్‌కి స్టోరు లాభంలో వాటా ఉండేది. జీతగాడిలా కాదు, చిన్న సైజు యజమానిలా ఉండేవాడు. మా ఏరియా మేనేజర్ అయితే టై కట్టుకుని లైను చివర నిలబడి, ఎవరి ప్లేట్లో ఏం మిగిలిపోతోందో చూసేవాడు. 1990ల చివర్లో పైవాళ్లు ఆ వాటా పద్ధతి మార్చారు. చేయి తిరిగిన మేనేజర్లు చాలామంది వెళ్లిపోయారు. నన్నడిగితే పతనం అక్కడే మొదలైంది.

ఆస్టిన్_కుర్రాడు · శనివారం రాత్రి 11:05

అంకుల్, సెంటిమెంట్ పక్కన పెట్టి మాట్లాడుకుందాం. ఉడకబెట్టిన క్యారెట్లు, ఉప్పు కారం లేని బీన్స్, జెల్లో. ఆ తరహా తిండి మా తరానికి ఎక్కదు. పైగా ట్రే పట్టుకుని లైన్లో నిలబడటం ఏంటి, స్కూల్ క్యాంటీన్ లాగా? ఆ పద్ధతికే కాలం చెల్లింది. అందులో మిస్టరీ ఏం లేదు.

శారద_హ్యూస్టన్ · శనివారం రాత్రి 11:11

బాబూ, ఇవాళ మధ్యాహ్నం ఎక్కడ తిన్నావు?

ఆస్టిన్_కుర్రాడు · శనివారం రాత్రి 11:13

చిపోట్లే. ఎందుకు?

శారద_హ్యూస్టన్ · శనివారం రాత్రి 11:14

అక్కడ అద్దం ముందు లైన్లో నిలబడి, వేలు చూపించి పెట్టించుకున్నావా లేదా?

ఆస్టిన్_కుర్రాడు · శనివారం రాత్రి 11:20

😂 సరే అక్కా, ఒక పాయింట్ మీకు. కానీ అది వేరు, ఇది వేరు. ఎలా వేరో చెప్పలేకపోతున్నా.

బెజవాడ_కర్రీపాయింట్ · ఆదివారం ఉదయం 6:30

నేను చెప్తాను తమ్ముడూ. నేను అమెరికా చూడలేదు. మా చెల్లెలు ప్లేనోలో ఉంటుంది, తను లింకు పంపితే చదివాను. సత్యనారాయణపురంలో పదకొండేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నా. మీరు చెప్పేది వింటుంటే మా కొట్టు సంగతే మాట్లాడుకుంటున్నట్టుంది.

మా వ్యాపారంలో అన్నిటికంటే భయం టైమంటేనే. ఉదయం పదకొండుకి వంకాయ కూర, బెండకాయ వేపుడు, పప్పు, సాంబారు అన్నీ దించి గిన్నెల్లో సర్దుతాం. గిరాకీ అంతా పన్నెండున్నర నుంచి రెండులోపు. ఒంటిగంటన్నరకి గిన్నె అడుగు కనబడిందా, ఆ రోజు డబ్బులు మిగిలినట్టే. సగం గిన్నె అలాగే ఉందనుకోండి, వేపుడు మెత్తబడుతుంది, పప్పు మీద పొర కడుతుంది, వంకాయ నల్లబడి నూనె పైకి తేలుతుంది. రెండింటికి వచ్చినవాడు ఆ పొర చూసి "రేపొస్తాలే" అని వెళ్తాడు. రేపు రాడు. అందుకని నేను రేపు ఒక కేజీ తగ్గించి వండుతా, పన్నెండు రకాల బదులు తొమ్మిది చేస్తా. ఎప్పుడూ దొండకాయ పట్టుకెళ్లే మేడం ఆ రోజు దొండకాయ లేదని పక్క వీధికి పోతుంది.

మీ లూబీస్‌లో లైను తలుపు బయటిదాకా ఉన్నన్నాళ్లు ఏ గిన్నే ఆగి ఉండదు. ఖాళీ అవుతుంటే వెనక నుంచి వేడివేడిగా ఇంకోటి వస్తుంది. లైను సగమయ్యాక చూడండి. వంటవాడు అదే, సరుకు అదే, గిన్నె మాత్రం నలభై నిమిషాలు అలా కూర్చుంటుంది. రుచి పోయింది కాబట్టి జనం మానేశారని మీరంటున్నారు. జనం తగ్గారు కాబట్టే రుచి పోయిందని నేనంటాను.

చిపోట్లే గురించి చెల్లెల్ని అడిగా. పది పదిహేను గిన్నెలు పెట్టి వాటినే కలిపి కలిపి అమ్ముతారట. ఎవడొచ్చి ఏం తిన్నా అవే గిన్నెలు ఖాళీ అవుతాయి. అదీ తేడా. డజన్ల కొద్దీ రకాలు పెట్టినవాడికి డజన్ల కొద్దీ జనం ఎప్పుడూ లైన్లో ఉండాలి.

ఆలమో_బాబాయ్ · ఆదివారం ఉదయం 7:58

నలభై ఏళ్లుగా తింటున్నాను, ఈ ముక్క నాకెప్పుడూ తట్టలేదు. మీరన్నది అక్షరాలా నిజమండీ. 1980ల్లో బెండకాయ ప్యాను వెడల్పుగానే ఉండేది కానీ లోతు ఉండేది కాదు. పెట్టడం, అయిపోవడం, మార్చడం. వెనక నుంచి ఒకావిడ "హాట్ బిహైండ్" (వేడిది వస్తోంది, జాగ్రత్త) అని అరుస్తూ తెచ్చేది. అప్పట్లో లోతు తక్కువ ఎందుకో నాకు అర్థం కాలేదు. పిసినారితనం అనుకున్నా.

పద్మ_బాటన్‌రూజ్ · ఆదివారం ఉదయం 9:25

లూబీస్ ఒక్కటే కాదండీ, దక్షిణాదంతా ఇదే కథ. మా లూసియానాలో పికడిలీ ఉంది. 1944లో టి.హెచ్. హ్యామిల్టన్ అనే ఆయన చేతికి వచ్చాక పెరిగింది. పక్కన అలబామాలో మోరిసన్స్, అది 1920లో మోబిల్‌లో మొదలైంది. ఇద్దరూ బాగా బతికినవాళ్లే. 1998లో పికడిలీ వెళ్లి మోరిసన్స్‌ని కొనేసింది. అప్పటికే జనం పల్చబడుతున్న వ్యాపారంలో అప్పు చేసి ఇంకో వందకు పైగా భోజనశాలలు నెత్తిన పెట్టుకోవడం అన్నమాట. 2003లో దివాలా పిటిషన్. చేతులు మారి ఇంకా కొన్ని నడుస్తున్నాయి. అటు న్యూ మెక్సికోలో పుట్టిన ఫర్స్ వాళ్లు ఒకే ధరకి ఎంతైనా తినండి అన్నారు, అయినా నిలవలేదు.

నాకు మాత్రం కెఫెటీరియా అంటే ఒక చేదు అనుభవం. ఏ కంపెనీ అన్నది వదిలేయండి, ఈ దేశం వచ్చిన మొదటి నెల. మేం శాకాహారులం. గ్రీన్ బీన్స్ చూడటానికి మన చిక్కుడుకాయ కూరలా ఉంటే హాయిగా రెండు గరిటెలు పెట్టించుకున్నా. సగం తిన్నాక అడుగున ఏదో గులాబీ రంగు ముక్క తేలింది. పంది మాంసం! ఈ దక్షిణాది వంటల్లో బీన్స్‌కి, ఆకుకూరలకి ఆ ముక్క మన తిరగమోత లాంటిదని తర్వాత తెలిసింది. అప్పటినుంచి "అద్దంలోంచి అన్నీ కనబడతాయి" అని ఎవరన్నా నాకు నవ్వొస్తుంది. కనబడేవి పైవే కదా.

శారద_హ్యూస్టన్ · ఆదివారం ఉదయం 9:40

అయ్యో పద్మగారూ! మామగారికి ఈ పోస్టు చూపించకూడదు. ఆయన ఏకాదశి కూడా వదలరు. నేను ప్రతిదీ అడిగి పెట్టించేదాన్ని లెండి.

నాగేటి_డాలస్ · ఆదివారం మధ్యాహ్నం 1:15

1991లో టెక్సాస్‌లోనే కిలీన్ అనే ఊళ్లో లూబీస్‌లో కాల్పులు జరిగాయి కదా, దాని తర్వాతే జనం భయపడి మానేశారని మా ఆఫీసులో అనుకుంటారు. నిజమేనా?

ఆలమో_బాబాయ్ · ఆదివారం మధ్యాహ్నం 2:02

జరిగింది నిజం. 1991 అక్టోబరు 16. మధ్యాహ్నం భోజనాల వేళ ఒకడు పికప్ ట్రక్కుని అద్దాలు పగలగొట్టి లోపలికి తోలి, 23 మందిని చంపి తనూ చచ్చాడు. ఆ రోజు తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న సుజానా హప్ తర్వాత టెక్సాస్ శాసనసభకి ఎన్నికైంది. తుపాకీ దాచిపెట్టుకుని తిరగడానికి లైసెన్సులిచ్చే 1995 చట్టం వెనక ఆవిడ సాక్ష్యం చాలా ఉంది. ఆ శాఖని కొన్ని నెలలకే మళ్లీ తెరిచారు, 2000లో పూర్తిగా మూసేశారు.

కానీ కంపెనీ పతనానికి అది కారణం కాదు. 1991 తర్వాత కూడా శాఖలు పెరుగుతూనే వచ్చాయి.

నాగేటి_డాలస్ · ఆదివారం మధ్యాహ్నం 2:20

అసలు ఈ తుపాకుల చట్టాలు ఉన్నాయి చూశారూ...

[ఈ పోస్టులో మిగతా భాగం, దానికి వచ్చిన పదకొండు సమాధానాలు తొలగించబడ్డాయి.]

నిర్వాహకుడు · ఆదివారం సాయంత్రం 5:00

తుపాకుల చర్చకి వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ తిండి గురించి మాత్రమే. నాగేటి గారూ, ఇది రెండోసారి.

లెక్కల_రావు · ఆదివారం రాత్రి 8:45

నేను వృత్తిరీత్యా అకౌంటెంట్‌ని, కొన్నాళ్లు రెస్టారెంట్ల లెక్కలు చూశాను. లూబీస్‌వి కాదు, కానీ వాళ్ల వార్షిక నివేదికలు సరదాకి చదివేవాణ్ని. (అవును, నా సరదాలు అలాంటివే.)

కర్రీ పాయింట్ గారు చెప్పింది వంటింటి కోణం. నాది స్థలం కోణం. లూబీస్ బాగా నడిచిన రోజుల్లో మంచి కూడళ్లలో చాలా స్థలాలు సొంతానికి కొనుక్కుంది. అద్దె లేదు కాబట్టి నీరసంగా నడిచే శాఖ కూడా కాగితం మీద పర్వాలేదనిపిస్తుంది. అదే అద్దె కొంపైతే ఇంటివాడే ఎప్పుడో గెంటేసేవాడు. మూయాల్సినవి త్వరగా మూయకుండా ఈ సొంత స్థలం జోకొట్టిందని నా అనుమానం.

2001లో హ్యూస్టన్ పాపస్ సోదరులు, క్రిస్, హ్యారిస్, కోటి డాలర్లు అప్పుగా ఇచ్చి పగ్గాలు పట్టారు. పాపడోస్, పాపసీటోస్ హోటళ్లు ఆ కుటుంబానివే. హోటల్ నడపడం రాదని వాళ్లని ఎవరూ అనలేరు. నష్టాల శాఖలు మూశారు, అప్పులు తగ్గించారు, ప్రధాన కార్యాలయాన్ని హ్యూస్టన్ మార్చారు. కొన్నేళ్లు ఊపిరి పీల్చుకుంది. 2010లో దివాలా తీసిన ఫడ్‌రకర్స్ బర్గర్ సంస్థని సుమారు 6 కోట్ల డాలర్లకి కొన్నారు, 2012లో ఇంకో బర్గర్ చెయిన్. పద్మగారు చెప్పిన పికడిలీ, మోరిసన్స్ కథే ఇక్కడ ఇంకో రూపంలో. సొంత ఇంటి పైకప్పు కారుతుంటే పక్కింటి పాతగోడ కొన్నట్టు.

అసలైన ముచ్చట 2020ది. కంపెనీని ముక్కలుగా అమ్మేసి షేర్‌హోల్డర్లకి డబ్బు పంచేద్దామని బోర్డు ప్రతిపాదించింది, నవంబరులో వాళ్లు ఓటేసి సరేనన్నారు. షేరుకి 3 నుంచి 4 డాలర్లు వస్తాయని అంచనా వేశారు. అందులో పెద్ద వాటా తిండిది కాదు, భూమిది. 2021లో షికాగో వ్యాపారి కాల్విన్ గిన్ 32 లూబీస్‌లని సుమారు 2.87 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకుని తీసుకున్నాడు. ఫడ్‌రకర్స్ పేరు ఇంకొకరికి వెళ్లింది. మిగిలిన స్థలాలు ఒక్కొక్కటిగా అమ్మారు. మన ఊళ్లలో సినిమా హాళ్లు కల్యాణ మండపాలైనట్టే. హాల్లో ఏ సినిమా ఆడుతోందన్న దానికంటే హాలున్న సెంటర్ ఏదన్నదే ధర పలికింది.

ఆస్టిన్_కుర్రాడు · ఆదివారం రాత్రి 9:10

అంటే మేనేజర్ వాటా తీసేయడం, గిన్నె ఆగిపోవడం, స్థలం జోకొట్టడం. మూడూ ఒకటే కదా? జనం తగ్గుతున్న సంగతి ముందుగా తెలిసేది ఆ గిన్నె పక్కన నిలబడ్డవాడికి. వాడికి లాభంలో వాటా ఉంటే ఆ రోజే ఏదో ఒకటి చేస్తాడు.

బెజవాడ_కర్రీపాయింట్ · సోమవారం ఉదయం 6:12

తమ్ముడు దారిలో పడ్డాడు. మా దగ్గర వడ్డించే కుర్రాడికి రోజూ మిగిలిన కూర పట్టుకెళ్లమని ఇచ్చేవాణ్ని, మంచి చేస్తున్నాననుకుని. కొన్నాళ్లకి చూస్తే కోడికూర గిన్నె రోజూ కొంచెం మిగులుతోంది! ఇప్పుడు మిగులు లేని రోజున యాభై రూపాయలు ఎక్కువ ఇస్తున్నా. వాడే గేటు దగ్గరకెళ్లి "వేడిగా ఉంది రండి సార్" అని పిలుస్తున్నాడు.

ఆలమో_బాబాయ్ · సోమవారం ఉదయం 8:30

ఒకటి మాత్రం కలుపుతాను. జనం తగ్గడానికి తప్పంతా లూబీస్‌దే అనడం అన్యాయం. ఆ చర్చి లైన్లో నిలబడ్డవాళ్లు ముసలివాళ్లయ్యారు, పోయారు. వాళ్ల పిల్లలు కూర్చుంటే టేబుల్ దగ్గరికే తెచ్చిపెట్టే హోటళ్లకి అలవాటుపడ్డారు. మనవలు కారు దిగకుండా కిటికీలోంచే పొట్లం తీసుకుంటున్నారు. పెద్ద సూపర్ మార్కెట్లలోనే వండిన కోడి, కూరలు అమ్మడం మొదలుపెట్టారు, ఇంటికెళ్లే దారిలో తెచ్చుకుంటే సరిపోయె. మధ్యలో ఉన్నవాడు నలిగిపోయాడు. లూబీస్ రేటు ఫాస్ట్ ఫుడ్ అంత చవకా కాదు, లైన్లో నిలబడటం వల్ల మర్యాద చేసినట్టూ ఉండదు.

పద్మ_బాటన్‌రూజ్ · సోమవారం ఉదయం 9:05

చర్చ ఇంత దూరం వచ్చింది, ఎవరైనా ఆ వేయించిన బెండకాయ చేసే పద్ధతి చెబుతారా? పంది ముక్క లేనిది 🙂

శారద_హ్యూస్టన్ · సోమవారం ఉదయం 9:30

నేను ఇంట్లో చేసేది ఇదండీ. బెండకాయ అంగుళం ముక్కలు కోసి తడి లేకుండా ఆరబెట్టాలి. మజ్జిగలో ఒకసారి ముంచి, మొక్కజొన్న పిండిలో ఉప్పు, మిరియాల పొడి కలిపి అందులో దొర్లించి, బాగా కాగిన నూనెలో కొంచెం కొంచెంగా వేయాలి. అన్నీ ఒకేసారి వేస్తే పిండి ఊడి నూనెలో తేలిపోతుంది. మామగారు దాన్ని పప్పుచారన్నంలో నంజుకుంటారు. అది టెక్సాస్ వాళ్లు చూస్తే ఏమంటారో.

ఆస్టిన్_కుర్రాడు · సోమవారం ఉదయం 9:34

వాళ్లేమంటారో తెలీదు కానీ నాకు ఆకలేస్తోంది.

శారద_హ్యూస్టన్ · ఐదు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 4:20

ఈ దారం పైకి తెస్తున్నందుకు క్షమించండి. మామగారు వచ్చారు. హ్యూస్టన్‌లో ఇంకా కొన్ని లూబీస్‌లు నడుస్తున్నాయి కదా, నలభై నిమిషాలు కారు తోలుకుని ఒకదానికి తీసుకెళ్లాం. దారిపొడవునా మీ చర్చంతా చదివి వినిపించాను, పంది ముక్క తప్ప. కర్రీ పాయింట్ గారి పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు.

మేం వెళ్లేసరికి పన్నెండు దాటింది. లైన్లో మా ముందు తొమ్మిది మంది. ఆయనే లెక్కపెట్టారు. ఇప్పుడు ఆయనకి డెబ్బై ఎనిమిది, ట్రే నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. బెండకాయ దగ్గరికొచ్చేసరికి ప్యానులో గుప్పెడు మిగిలుంది. పెట్టే ఆవిడ గరిటె ఎత్తింది. ఆయన ఒక చేత్తో ఆగమని సైగ చేసి, రెండో చేత్తో వంటింటి తలుపు వైపు చూపించారు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఒకబ్బాయి పొగలు కక్కుతున్న కొత్త ప్యాను పట్టుకుని వస్తున్నాడు.

"ఒక్క నిమిషం ఆగుదామమ్మా, వెనకున్నవాళ్లకీ మంచిదే" అన్నారు.